వేరు పొయ్యి

ఆ ఎండాకాలం మా పశువుల ఆసుపత్రికి పశువులు రావడం మానేశాయి. రోగాలు తగ్గి కాదు. అమ్ముడుపోయేవాటిని సంతలో అమ్ముకున్నారు, పోనివాటిని మేతున్న చోటికని మైసూరు సీమ వైపు తోలుకుపోయారు, నడవలేనివి ఉన్నచోటే పోయాయి. మా ఆయన ఆ ఆసుపత్రిలో కాంపౌండరు. డాక్టరు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ కాబట్టి డాక్టరు కూడా ఆయనే. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయి, మందు సీసాల దుమ్ము తుడిచి, తుడిచినవాటినే మళ్ళీ తుడిచి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. ఈ రోజెన్ని కేసులు వచ్చాయని నేను అడిగేదాన్ని. ఆయన పళ్ళెం ముందు మౌనవ్రతం పట్టేవాడు. ఆ ఊర్లో నాకున్న వినోదం అదొక్కటే.

అది అరవై ఆరో సంవత్సరం. ఊరు కొత్తచెరువు నుంచి బండిదారిన పోతే వస్తుంది. వరసగా రెండేళ్ళు వాన పడక ఆ దారిలో బండ్లు కూడా తగ్గిపోయాయి. నేను అనంతపురం కాలేజీలో అర్థశాస్త్రం చదివి బి.ఏ. ప్యాసయ్యాను. దారిద్ర్యానికి కారణాలు వివరించమంటే పేజీలకు పేజీలు వివరించి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఊర్లో అందరికీ మాత్రం కాంపౌండరమ్మని. అర్జీ రాయించుకోవాల్సి వచ్చినప్పుడే వాళ్ళకి నా బి.ఏ. గుర్తొచ్చేది.

సుంకమ్మవ్వకి అట్లాగే గుర్తొచ్చింది. ఆసుపత్రి గోడకి ఆనుకునే వాళ్ళ మట్టిమిద్దె. కొడుకు పాపన్న, కోడలు సిద్దమ్మ, వాళ్ళ ముగ్గురు పిల్లలు, ఈమె. ఆసుపత్రి వాకిలి ఊడ్చే పని ఆమెది; జీతమంటూ లేదు, పశువుల్ని తోలుకొచ్చినవాళ్ళు ఇచ్చే గింజలే కూలి. పశువులు లేని వాకిట్లో ఊడ్చడానికి ఏముంటుందని నేనంటే, దుమ్ముకి కరువొచ్చిందా అని ఆమె అనేది. నోరు నా నోటికి తక్కువేం కాదు.

ఆ రోజు తలారి నాగన్న టముకు వేసి పోయాడు. అరవై అయిదేళ్ళు దాటి, చూసే దిక్కులేని ముసలివాళ్ళకి గవర్నమెంటు నెలనెలా పింఛను ఇస్తుందట. కావలసినవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చట. సుంకమ్మ చీపురు పక్కన పెట్టి మా అరుగు మీద కూర్చుంది. వయసెంత రాయమంటావని అడిగాను. వాళ్ళమ్మ ఏదో కరువులో రోడ్డు పనికి పోయి, తట్ట దించి ఈమెను కన్నదట. ఆ కరువు ఏదై ఉంటుందో నేను లెక్కగట్టి డెబ్బైకి దగ్గరగా తేల్చాను. వయసుతో చిక్కు రాలేదు. చిక్కు కొడుకుతో వచ్చింది. ఒకే ఇంట్లో కొడుకు ఉండి, ఒకే పొయ్యి మీద వండుకు తింటుంటే దిక్కులేనిది ఎట్లా అవుతుందని కరణం ముందే చెప్పేశాడట. వేరే వండుకుంటుంటే మాత్రం రాయొచ్చునట. రెవెన్యూ ఇన్స్పెక్టరు వచ్చి కళ్ళతో చూసి ఖాయం చేస్తాడట.

"అయితే వేరు పడతా," అంది సుంకమ్మ.

పాపన్న అప్పటికి కరువు పనిలో కంకర కొడుతున్నాడు. కూలి వారాల తరబడి వెనకబడేది. పాతరలో జొన్నలు అడుగుకొచ్చాయి. పింఛను వస్తే తన కడుపు తను చూసుకుంటుంది, మిగిలితే పిల్లలకి ఇంత పెడుతుంది. ఆమె లెక్క అదే. నా అర్థశాస్త్రంలో దానికి తప్పు పట్టడానికి ఏమీ కనపడలేదు.

నేనొక సలహా ఇచ్చాను. ఇంత గొడవ ఎందుకవ్వా, ఇన్స్పెక్టరు వచ్చే రోజుకి మేకల కొట్టంలో మూడు రాళ్ళు పెట్టి కాస్త మసి పూస్తే సరిపోతుంది కదా అన్నాను. మేకలు ఎటూ అమ్మేశారు, కొట్టం ఖాళీగానే ఉంది. సుంకమ్మ నన్ను జాలిగా చూసింది.

"దొంగపొయ్యి పెట్టగూడదు తల్లీ. గవర్నమెంటుకి అబద్ధం చెప్పొచ్చు, వాళ్ళకి అలవాటే. పొయ్యికి చెప్పగూడదు. పెడితే పెట్టినట్టే పెట్టాల."

పెట్టినట్టే పెట్టారు. కుల పెద్ద బాలప్పను పిలిచారు. నేను ఆసుపత్రి గోడ మీదుగా చూస్తూ నిలబడ్డాను. కొట్టం అలికి మూడు గుండ్లు పెట్టి, వాటికి పసుపూ కుంకుమా పెట్టారు. సిద్దమ్మ ఇంటి పొయ్యిలో నుంచి నిప్పులు కుండపెంకులో ఎత్తుకొచ్చి అత్త పొయ్యిలో పోసింది. పోసేటప్పుడు ఏడ్చింది. ఏడవమని ఎవరూ చెప్పలేదు. పాపన్న మాత్రం వీపు ఇటు పెట్టి కూర్చుని, కంకర పనిలో చీలిన అరచేతుల్ని గిల్లుకుంటూ ఉన్నాడు. ఇది ఉత్తుత్తిదే కదరా, దుడ్లు వచ్చినాక మళ్ళీ కలుస్తాం కదా అని తల్లి బతిమాలింది. ఉత్తుత్తిదయితే బాలప్ప మామ ఎందుకు వచ్చినాడని అతనడిగాడు.

పంపకం జరిగింది. ఒక కుండ, ఒక తెడ్డు, ఒక పళ్ళెం, తలాపున వేసుకునే గోనెపట్టా. తర్వాత జొన్నలు. తల్లి వాటా ఇదని బాలప్ప కుప్ప చేస్తే, సుంకమ్మ చెయ్యి అడ్డం పెట్టి అందులో సగానికి పైగా కొడుకు కుప్పలోకి తోసేసింది. ఒక్క నోటికి ఇంతెందుకు, ఆరయ్య వచ్చేదాకా జరిగితే చాలు కదా అంది. ఇన్స్పెక్టర్ని ఆ ఊర్లో ఆరయ్య అంటారు. అందరూ పోబోతుంటే బాలప్ప వాళ్ళ కట్టుబాటు చెప్పాడు. పొయ్యి వేరైనాక ఉగాది దాటేదాకా ఒకరు వండింది ఒకరు తినగూడదు. ఒకరి పొయ్యిలోకి ఒకరు తొంగి చూడగూడదు. ఆ సంవత్సరం ఉగాది అప్పుడే అయిపోయింది. వచ్చే ఉగాదికి ఏడాది ఉంది.

మా ఆయనకి ఇదంతా చెప్పాను. మనుషుల కేసులు నాకు చెప్పొద్దు అన్నాడు.

ఇన్స్పెక్టరు రాలేదు. రేపొస్తాడని తలారి చెప్పేవాడు. ఆ రేపు వచ్చాక, తాలూకాలో మీటింగని చెప్పేవాడు. కరువు పనుల కొలతలని, జీపు చెడిపోయిందని, మంత్రి పర్యటన అని ప్రతిసారీ కొత్త కారణం తెచ్చేవాడు. తీసుకొచ్చిన కారణాల్లో ఒక్కటీ రెండోసారి వాడినట్టు నాకు గుర్తులేదు. ఆ విషయంలో నాగన్నను మెచ్చుకోవాలి.

ఒక పొద్దున సుంకమ్మ ఊడ్చడం అయిపోయాక దోసిలి పట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. పండ్లు తోముకోడానికి బూడిద పెట్టమంది.

నేను నవ్వాను. సొంత సంసారం పెట్టుకుని బూడిద కూడా నా దగ్గరేనా అవ్వా అన్నాను. ఆమె కూడా నవ్వింది. బూడిద పోసుకుని రెండడుగులు వేసింది. అప్పుడు నాకు అర్థమైంది. అర్థం కావడానికి రెండడుగులు పట్టినందుకు కాలేజీ వాళ్ళు నా డిగ్రీ వెనక్కి తీసుకోవచ్చు.

కూర్చోబెట్టి సంగటి పెట్టాను. గోడ వైపు తిరిగి తిన్నది. జొన్నలు ఎప్పుడైపోయాయని అడిగితే అమావాస్యకని చెప్పింది. ఏ అమావాస్య అని అడిగితే చెప్పలేదు. బయలుదేరేటప్పుడు పిండి కట్టి ఇచ్చాను. ఇక రోజూ మా ఇంట్లోనే ఒక ముద్ద తిను అంటే, నేను ఊడ్చేది గవర్నమెంటు వాకిలి, మీ వాకిలి కాదు, ఊరికే ఎట్ల తింటానంది. అయితే మా వాకిలి కూడా ఊడ్చు అన్నాను. ఇన్నాళ్ళు మీ వాకిలి ఎవరు ఊడ్చినారనుకుంటాండావు అంది. నేనే ఊడుస్తున్నానని నాకొక నమ్మకం ఉండేది.

మరుసటి రోజు మళ్ళీ బూడిదకి వచ్చింది. నేనిచ్చిన పిండి గోడ మీదుగా పిల్లలకి చేరిపోయింది. పచ్చి పిండి ఇవ్వడానికి కట్టుబాటు అడ్డం రాదట. పాపన్నకి చెప్తానని బెదిరించాను. అప్పుడు మాత్రం ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ. వానికి తెలిస్తే పొయ్యి తంతాడు. ఇన్నాళ్ళు ఓర్చింది నీళ్ళపాలు. ఆరయ్య వచ్చి చూసిపోతే అయిపాయ."

పాపన్నకి ఎట్లా తెలియలేదని మీరనుకోవచ్చు. చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. వేరు పొయ్యిలోకి తొంగి చూడగూడదన్నారు కాబట్టి చూడలేదు. తల్లి రోజూ కొట్టం గుమ్మంలో కూర్చుని, తిన్నావా నాయనా అని అడిగేది. నువ్వు తిన్నావా అని అతను అడిగేవాడు. ఇద్దరూ తిన్నామనే చెప్పుకునేవాళ్ళు. నాకు గోడవతల వినపడేది.

సిద్దమ్మకి తెలుసు. చేదబావి దగ్గర ఒక రోజు నీళ్ళు ఊరేదాకా ఇద్దరం కూర్చోవాల్సి వచ్చినప్పుడు అడిగేశాను. మీ అత్త పస్తులుంటోంది, చూస్తున్నావా అన్నాను. సిద్దమ్మ చేంతాడు చుట్ట చుడుతూ తల ఎత్తకుండా మాట్లాడింది.

"చూస్తాండా. నేను పెట్టగూడదు, ఆమె అడగగూడదు. తలారి కండ్లు మా ఇంటిమీదే ఉండాయి. ఒక మాట చెప్తా కాంపౌండరమ్మా, ఎవరితో అనగాకు. పెట్టగూడదని బాలప్ప మామ చెప్పినందుకు ఒక్కో పూట నాకు మంచిదనిపిస్తాది. లేకుంటే ముగ్గురు బిడ్ల ముద్దలో నుంచి గిల్లి పెట్టాలి కదా."

నీళ్ళు ఊరాయి. ఆమె నా కడవ ముందు నింపింది.

ఆరయ్య సంత రోజు వచ్చాడు. కరువు పనికి ఆ రోజు సెలవు కాబట్టి పాపన్న ఇంట్లోనే ఉన్నాడు. సైకిలు మీద ఎండలో వచ్చి, ముందు మా అరుగు మీద కూర్చుని నీళ్ళడిగాడు. నడివయసు మనిషి, నెత్తిన తడిగుడ్డ, మంచి మాటకారి. ఈ ఫిర్కాలో పింఛను టముకు వేసినప్పటి నుంచి ప్రతి ఊర్లో ముసలివాళ్ళందరూ వేరు కాపురాలు పెట్టేశారట. పొయ్యిలు చూసి చూసి తనకు వంట వచ్చేసిందని, రిటైరయ్యాక హోటలు పెట్టుకుంటానని చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి నాకు నచ్చాడు కూడా. ఆ మాట దాచడం ఎందుకు.

అందరూ కొట్టం దగ్గరికి పోయారు. కరణం, తలారి, బాలప్ప, ఇంకా పనిలేని ఊరంతా. పనిలేని ఊరంటే ఆ ఏడు ఊరే. నేను గోడ దగ్గర నిలబడకుండా ఈసారి లోపలికే పోయాను. ఆరయ్య గోనెపట్టా చూశాడు, పళ్ళెం చూశాడు, కుండ మూత తీసి చూశాడు. పంపకం ఏ రోజు జరిగిందో బాలప్ప చెప్పాడు, ఎవరెవరు సాక్షులో చెప్పాడు. అంతా సవ్యంగానే నడుస్తోంది. ఆరయ్య కాగితం మీద ఏదో రాసుకుంటూ, వంగి పొయ్యిలో చెయ్యి పెట్టాడు. మూడు గుండ్ల మధ్య అరచెయ్యి తిప్పి బయటికి తీసి అందరికీ చూపించాడు. చెయ్యి శుభ్రంగా ఉంది.

"వండే పొయ్యిలో బూడిదుండాల కదప్పా," అన్నాడు బాలప్పతో. తర్వాత సుంకమ్మ వైపు తిరిగాడు. "నిన్న ఏమి వండినావవ్వా? మొన్న? ఈడ నిప్పు రగిలి ఎన్ని దినాలైంది? మరి యాడ తింటాండావు?"

నేను పాపన్నను చూశాను. అతను ఆరయ్యను చూడటం లేదు, తల్లిని చూడటం లేదు. పొయ్యి వైపే చూస్తున్నాడు. పంపకం రోజు తర్వాత అతను ఆ పొయ్యిలోకి చూడటం అదే మొదటిసారి. మొదట్లో వండుకున్న నాలుగు పూటల మసి ఒక గుండు లోపలివైపు సన్నగా ఉంది. అంతే ఉంది.

నిజం చెప్తే చాలు. గింజలు లేక వండలేదయ్యా, కొడుకు పెట్టలేదు, పస్తులున్నా అంటే ఆ పూటే ఖాయమయ్యేది. పింఛను పెట్టింది అట్లాంటి వాళ్ళ కోసమే. నేను "అయ్యా" అన్నాను. అనేలోపల సుంకమ్మ నా వైపు తిరిగింది.

"కాంపౌండరమ్మా, దొర ఎండనబడి వచ్చినాడు. మజ్జిగేమన్నా ఉంటే తెచ్చియ్యి తల్లీ," అంది.

ఊర్లో ఆవు లేదు, ఎనుము లేదు. మజ్జిగ మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. నేను నోరు మూసుకున్నాను. ఆమె ఆరయ్య వైపు తిరిగి చేతులు జోడించింది.

"కొడుకింట్లోనే తింటాండా సామీ. వాడు పెట్టకుంటే ఈ కట్టె ఎట్ల నిలబడతాది? దుడ్లకి ఆశపడి ఈ పని చేసినా. తప్పు నాది, వానిది కాదు."

ఆరయ్య కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పాపన్న భుజం తట్టాడు. ఇంత కరువులో తల్లికి కూడు పెడతాండావు, మంచి కొడుకువి, ఆ మాట చెప్పుకోక ఈ నాటకం ఎందుకప్పా అన్నాడు. అబద్ధపు అర్జీ పెట్టినందుకు కేసు రాయనన్నాడు. అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. ఆయన తడిగుడ్డ మళ్ళీ తడుపుకుని సైకిలెక్కి పోయాడు.

జనం పోయాక కూడా పాపన్న అక్కడే నిలబడ్డాడు. తల్లి, లోపలికి పోదాం పారా ఎండ అంది. అతను వంగి, ఆరయ్య తిప్పినట్టే తన అరచెయ్యి కూడా పొయ్యిలో తిప్పి చూసుకున్నాడు. ఆ సాయంత్రం తల్లి పళ్ళెమూ కుండా ఇంట్లోకి మోసుకుపోయాడు. మరుసటి రోజు ఆ మూడు గుండ్లనూ నెత్తిన పెట్టుకుని కరువు పనికి పోయి, సమ్మెటతో కొట్టి కంకర చేసి రోడ్డు కుప్పలో కలిపేశాడట. తలారి చెప్పాడు.

కట్టుబాటు సంగతి ఏమిటని నేను బాలప్పను అడిగాను. ఆయన అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాడు. వేరు పడనే లేదని గవర్నమెంటే తేల్చింది కాబట్టి కట్టుబాటు తప్పినట్టు కాదన్నాడు.

సుంకమ్మ మళ్ళీ కొడుకింట్లో తినడం మొదలుపెట్టింది. తినడమంటే, అందరూ తిన్నాక కుండ గీకి నీళ్ళు పోసుకుని తాగడం. మనిషి ఎండిపోతూనే ఉంది. నేను ఊరుకోలేక ఒక మధ్యాహ్నం పిలిచి, పై అధికారికి ఇంకో అర్జీ పెడదామన్నాను. నాలుగు మాటలు చాలు, ఆ రోజు పొయ్యి ఎందుకు చల్లగా ఉందో ఉన్నదున్నట్టు రాస్తే చాలన్నాను. వేలిముద్ర వేస్తే మిగతాది నేను చూసుకుంటానన్నాను.

ఆమె అరుగు మీద కూర్చుంది. కాగితం పోయినాక దాన్ని ఏం చేస్తారని అడిగింది. దాచిపెడతారన్నాను. ఎన్నాళ్ళని అడిగింది. ఆఫీసు కాగితాలు పారెయ్యరవ్వా, ఉంటాయన్నాను.

"నేను పోయినాక కూడా ఉంటాదా?"

"ఉంటుంది."

"నా కొడుకు పోయినాక?"

నేను పెన్నుకి మూత పెట్టాను.

"అయితే వద్దులే తల్లీ," అని లేచింది. లేచి, మా వాకిలి ఊడ్చింది. పొద్దున ఒకసారి ఊడ్చిందే.

ఆషాఢంలో మబ్బులు పట్టాయి. కురవలేదు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో సుంకమ్మ పోయింది. మా ఆయన పశువుల మందుల్లో మనుషులకి పనికొచ్చేదేమైనా ఉందేమోనని సీసాలన్నీ వెతికాడు. ఆ రోజు నేను కేసుల లెక్క అడగలేదు.

పూడ్చి వచ్చినాక జనం పాపన్న వాకిట్లో కూర్చున్నారు. ఓదార్పు మాటల్లో ఎవరి నోట విన్నా ఒకటే. ఇట్లాంటి కరువులో కూడా తల్లిని చూసుకున్నాడు, గవర్నమెంటు ఆఫీసరే వచ్చి అందరి ముందర చెప్పి పోయినాడు, ఈ ఊర్లో ఇంకెవరికి వచ్చింది అంత మంచి పేరు అని. కొడుకులకి బుద్ధి చెప్పాల్సి వచ్చినవాళ్ళు అప్పటికే పాపన్న పేరు వాడటం మొదలుపెట్టారు. సిద్దమ్మ గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. పాపన్న ఒక్కొక్కరికీ తల ఊపుతున్నాడు.

దినాలు అయిపోయిన తర్వాత ఒక పొద్దున అతను మా అరుగు దగ్గరికి వచ్చాడు. పనికి పోతూ వచ్చాడు, భుజం మీద సమ్మెట ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక అర్జీ రాయాల కాంపౌండరమ్మా."

ఎవరికి అన్నాను.

"ఎవరికైనా. తాసీల్దారుకైనా, కలెక్టరుకైనా. మా అమ్మకి నేను కూడు పెట్టలేదని రాయి. పొయ్యిలో బూడిద లేకపోయింది అందుకే అని రాయి. నేను వేలిముద్ర వేస్తా."

నేను లోపలికి పోయి, వచ్చాను. అతని మొహం వైపు చూడకుండా, ఇంకు అయిపోయింది పాపన్నా అన్నాను.

కిటికీలో సీసా ఉంది. మా ఆయన ముందురోజే తాలూకా ఆఫీసు నుంచి తెచ్చాడు, నిండా ఉంది. పాపన్న దాన్ని చూశాడు. నన్ను చూశాడు. సమ్మెట భుజం మార్చుకుని పనికి పోయాడు.